బొమ్మలోంచి తీసేసిన నిచ్చెన

సెమిలిగుడలో మా ఆఫీసంటే రెండు కంప్యూటర్లు, ఒక ఫ్యాను, కింద లారీల హారన్లు. కట్టడాల బొమ్మ కంప్యూటర్లో గీసి, ఎంత బరువు ఆగుతుందో చూడడం నా పని. మా సారు సౌమ్యరంజన్ సాఫ్ట్‌వేరుకి లైసెన్సు కొనడు, ఉచితంగా దొరికిందే వాడమంటాడు. దానికో హద్దుంది. బొమ్మలో ముప్పై రెండు వేల బిందువులు దాటితే మొండికేస్తుంది. అందుకని బరువు మొయ్యని చిన్న చిన్నవి బొమ్మలోంచి తీసేస్తాం. రోజూ చేసేదే.

ఆ మధ్యాహ్నం పొట్టంగి నీళ్ల ట్యాంకు వంతు. ట్యాంకు అప్పటికే లేచి నిలబడింది. ముందు కట్టేసి తర్వాత కాగితాలు తయారుచెయ్యడం మాకు మామూలే. మా అన్న మల్లేశు దాని మీదే వెల్డింగు చేస్తున్నాడు.

బయట మంచు దిగి వీధి కనబడ్డం లేదు. గదంతా తడి సున్నం వాసన. బొమ్మలో ఇనుప నిచ్చెన తీసేసేను.

ఫోను మోగింది. మల్లేశు. గొంతు తగ్గించి మాట్లాడేడు.

"అమ్మీ... నిచ్చెన లేదే."

పగలే తాగేవేటి అని ఏడిపించేను. నవ్వలేదు. ఇందాకే దాని మీంచి ఎక్కేడట. ఇప్పుడు చేత్తో తడిమినా తగలడం లేదట.

 నిచ్చెన తిరిగి పెట్టబోయేను. హద్దు దాటింది, కుదరదంది. చోటు కావాలి... నా బుద్ధి గడ్డి తింది. పైనున్న రైలింగు తీసేసేను.

"అమ్మీ... పట్టుకున్న రైలింగు ఏదే..."

కదలకు అన్నాను. మౌస్ వదిలేసేను. నేనేం ముట్టుకోలేదు. తెర మీద బిందువుల అంకె దానంతటదే తగ్గుతోంది... తగ్గుతోంది... ఆగింది. బొమ్మలోకి నిచ్చెన, రైలింగు తిరిగి వచ్చేశాయి. ఫోను కట్టయింది.

సైటు మేస్త్రీ మనోరంజన్‌కి చేసేను. అన్నీ బాగానే ఉన్నాయన్నాడు. మల్లేశు దిగేడా అంటే, ఆ పేరుగలవాడు మా దగ్గర ఎప్పుడూ లేడన్నాడు.

ఇంటికి పరిగెత్తేను. అమ్మ బియ్యం ఏరుతోంది. అన్నని నేనే తీసేసేనమ్మా అని ఏడిస్తే, జ్వరమేమోనని నా నుదురు ముట్టి చూసింది.

"మల్లేశు ఎవులే? నాకు నువ్వొక్కర్తివే గదా."

అన్న నంబరుకి రోజూ చేస్తాను. రింగవుతుంది. ఎత్తుతారు. గాలి హోరు, ఇనుప మెట్ల మీద దిగుతున్న అడుగులు. ఎంతసేపు విన్నా దిగుతూనే ఉంటాడు. అన్నా అంటే పలకడు.

నిన్న రెండు జతల అడుగులు వినబడ్డాయి...