చెయ్యి తాకందే పలకని గొంతు

మా మరిది పనిచేసే ఆఫీసులో మెట్ల చివరి గదికి మంచి పేరు లేదు. సాయంత్రం అందరూ వెళ్ళాక అందులో ఎవరో మూలుగుతారట. ఊడ్చే ఆవిడ కూడా గుమ్మం దాకా చీపురేసి వచ్చేస్తుంది.

వాడు ఏరికోరి ఆ గదే అడిగి తీసుకున్నాడు. దెయ్యాలంటే లెక్కలేదు మహానుభావుడికి. బల్లి కనిపిస్తే మాత్రం మంచం ఎక్కుతాడు. వాడు చెప్పిందే చెబుతున్నాను, ఒక్క ముక్క కలపలేదు.

వాడికి నిశ్శబ్దం కావాలి. పోయిన మా అత్తగారి గొంతు ఒక్కచోటే మిగిలింది... వాడు నిద్ర మానుకుని పనిచేస్తుంటే తిడుతూ పంపిన వాయిస్ మెసేజ్. ఆ ఫైలు కాస్తా చెడిపోయి, లోపలి అంకెలు మాత్రం చేతికొచ్చాయి. గొంతంటే చివరికి అంకెలేనట, వేలకు వేలు. వాటిని బ్రౌజరులో ఒక పేజీకి అప్పగిస్తే మళ్ళీ శబ్దం చేసి వినిపిస్తుందట. "అమ్మ గొంతు మరిచిపోతున్నాను వదినా," అని నా దగ్గర ఏడ్చాడు కూడా.

ఆ రోజు చీకటి పడింది. అంతా వెళ్ళిపోయారు. వాడు పేజీలో బటన్ నొక్కాడు.

గదంతా మూలుగు. మగ గొంతు... బావి అడుగు నుంచి వచ్చినట్టు, సాగి సాగి—

వాడికి పై ప్రాణాలు పైనే పోయాయి. లేచి గోడకి అంటుకుపోయాడు. కాసేపటికి గానీ బుర్ర పనిచెయ్యలేదు. సెకనుకి ఎన్ని అంకెలు చదవాలో అందులో సగమే రాశాడు, తొందరపాటు వెధవ. సగం వేగంతో నడిపిస్తే ఏ ఆడగొంతైనా అలాగే మూలుగుతుంది మరి.

తనలో తనే నవ్వుకున్నాడు. లెక్క సరిచేశాడు. పేజీ మళ్ళీ కొత్తగా తెరుచుకుంది. ఇక నొక్కడమే తరువాయి. కానీ ముందు ముఖం కడుక్కొద్దామని బయటికెళ్ళాడు. తను లేనప్పుడు అది మోగుతుందన్న బెంగ లేదు. కొత్తగా తెరిచిన పేజీని మనిషి చెయ్యి తాకేదాకా బ్రౌజరు కిక్కురుమననివ్వదు.

కుళాయి తిప్పాడో లేదో, ఆ గది వైపు నుంచి సన్నగా...

"చిన్నోడా, కళ్ళు పోతాయిరా. ఇక లైటార్పి పడుకో."

అమ్మే. అచ్చంగా అమ్మే. ఒళ్ళు జల్లుమంది వాడికి. భయం, ఏడుపు రెండూ ఒక్కసారే ముంచుకొచ్చాయి. అలాగే పరిగెత్తాడు.

లోపల ఎవరూ లేరు. తెర మీద పేజీ వెలుగుతోంది.

"ఎవరు నొక్కారో తెలీదు వదినా," అన్నాడు నాతో, గొంతు బాగా తగ్గించి. "అది సరే... నేను వేసే వదిలి వెళ్ళిన గది లైటు ఆర్పేసి ఉంది."