అంటు కింది కొమ్మ

“మా కాంచనం కాయ కాయదని ఎన్నిసార్లు చెప్పాలండి మీకు?”

వీరదుర్గ చేతిలో అంటుకట్టే కత్తి ఉంది. నేను రెండడుగులు వెనక్కి వేశాను గానీ నా కోపం మాత్రం తగ్గలేదు.

కడియంలో వాళ్ల నాన్న త్రిమూర్తులు గారిది నర్సరీ. విదేశాలకు వెళ్లే మొక్కల్ని పరీక్షించి సంతకం పెట్టే ఉద్యోగం నాది. దేవకాంచనం మనకు ముచ్చటైన పూలచెట్టే. ఈ మొక్కలు వెళ్లే దేశంలో మాత్రం గింజలు రాలి, అడవుల్లోకి పాకి, అక్కడి చెట్లను బతకనివ్వడం లేదు. గింజ కట్టని హాంకాంగ్ రకమైతేనే రానిస్తారు.

ఇవి ఆ రకమేనని వీరదుర్గ మాట. మూడొందల మొక్కలు. ఆమె సొంతంగా తెచ్చుకున్న మొదటి ఎక్స్‌పోర్ట్ ఆర్డర్. అప్పటికే లారీ ఎక్కేశాయి.

“మరి ఇదేంటండి?” జేబులోంచి పచ్చికాయ తీశాను. “మీ తల్లిచెట్టుదే. నా చేత్తో కోశాను.”

“పక్క తోటలో కోసుకొచ్చి మా మీద పెడతారా?”

నాకు ఒళ్లు మండిపోయింది. “నన్ను దొంగంటారా? రండి, చూపిస్తాను!”

చెట్టు దగ్గర కొమ్మ చూపించాను. ఆమె చూపు ఆ కొమ్మ వెంటే కిందికి దిగి, చెట్టు మొదలు దగ్గర ఆగిపోయింది. జానెడు ఎత్తులో అంటు కట్టిన బొడిపె ఉంది. కాయలున్న కొమ్మ దాని కింద నుంచి లేచింది.

హాంకాంగ్ రకాన్ని మామూలు కాంచనం మొక్క మీద అంటు కడతారు. అంటు కింద చిగురొస్తే వెంటనే గిల్లెయ్యాలి. వదిలేస్తే ఆ మామూలుదే పెరిగి, పూసి, కాస్తుంది.

“గిల్లడం నా పనేనండి,” అంది. కళ్లలో నీళ్లు తిరిగాయి. అవీ కోపంతోనే. “లారీలో ఎన్నిటికి ఇలా ఉందో!”

అంతలోనే గిర్రున నా వైపు తిరిగింది.

“మూడు నెలల్లో తొమ్మిదిసార్లు తనిఖీకొచ్చారు. రావాల్సింది రెండుసార్లు. ఒక్కసారైనా చెట్టు మొదలు చూశారా? అన్నిసార్లూ ఎటు చూశారండి?”

అబద్ధం చెప్పే ఓపిక లేదు నాకు.

“మీ వైపే!” అని అరిచాను.

లారీ దగ్గర త్రిమూర్తులు గారు గట్టిగా దగ్గారు. “ముందు మొక్కలు దింపించండి బాబూ. ఆ సంగతి తర్వాత మాట్లాడుకుందాం.”

వీరదుర్గ ముఖం కందిపోయింది. కత్తెర తెచ్చి నా చేతిలో కుక్కింది. “మూడొందలూ చూడాలి. చిగురుంటే కత్తిరించి పక్కన పెట్టండి, అవి పంపేది లేదు. ఈసారైనా మొక్క వైపు చూడండి.”

సాయంత్రానికి నలభై ఒకటి పక్కకి తీశాం. నేను ఒక్కసారీ తలెత్తలేదు.

“అనంతకృష్ణ గారూ,” అంది. గొంతులో ఇంకా కోపమే. “మొక్కలయిపోయాయి కదండీ. ఇక ఇటు చూడొచ్చు.”