తొమ్మిదో మంచం అమ్మాయికి చోటు కావలెను

"నన్నెక్కడికో పంపించేయడానికొచ్చినోరు మీరేనా?" అని తొమ్మిదో నంబరు మంచం మీంచి అడిగింది చిన్నమ్మి.

బిలాస్‌పూర్‌లోని ఆ రైల్వే ఆసుపత్రి ఆడవాళ్ళ వార్డులో ఆ గొంతు ఒక్కటే పూర్తి ఆరోగ్యంగా ఉంది.

రమణబాబు రైల్వేలో కొత్తగా చేరిన వెల్ఫేర్ ఇన్‌స్పెక్టరు. అతని చేతిలో ఫైలుంది. చిన్నమ్మికి ఇరవై మూడేళ్ళు. కీళ్ళ జబ్బు. పద్నాలుగు నెలలుగా వార్డులోనే ఉంది. జబ్బు పూర్తిగా పోదు, ప్రాణభయమూ లేదు. రోజూ మందులు, వ్యాయామం, పొద్దున్నే చెయ్యందించి లేపే మనిషి కావాలి. గార్డుగా చేసిన తండ్రి పోయాడు. అన్న ఉండేది మూడో అంతస్తు క్వార్టర్‌లో, ఆమె మెట్లెక్కలేదు. నెలలోగా శాశ్వతంగా ఉండే చోటు చూడమని పెద్ద డాక్టరుగారి ఆర్డరు.

"పంపించేయడానిక్కాదండీ. మంచి చోటు చూడ్డానికి."

"అచ్ఛా! సంబంధం చూసినట్టన్నమాట. నాకు నచ్చకపోతే ఒప్పుకోను సుమండీ."

ఆమె నవ్వింది. రమణబాబు ఫైలు తలకిందులుగా పట్టుకున్నాడని వార్డంతా చూసింది, అతను తప్ప.

మొదట కర్గీ రోడ్డులో వృద్ధాశ్రమానికి వెళ్ళాడు. సోమవారం మొహం వేలాడేసుకుని వచ్చాడు.

"అరవై నిండాలట. అయినా మీ పేరు రాసుకున్నారు. ముప్ఫై ఏడేళ్ళు ఆగితే మొదటి మంచం మీదే."

"ఏటి, రసీదు కూడా ఇచ్చారా?"

"ఇచ్చారండీ."

నవ్వితే ఆమెకి భుజాలు నొప్పి. అయినా నవ్వింది.

తర్వాత గతౌరాలో పిల్లల ఆశ్రమం. మంచాలు నాలుగడుగులవి. "కాళ్ళు కిటికీలోంచి బయటికి చాపుకోమనండి, వరండా పెద్దదే" అన్నాడట మేనేజరు. ఆ తర్వాత లాల్‌ఖదాన్ దగ్గర యోగాశ్రమం. కీళ్ళు వంగవని చెబితే, "తలకిందులుగా నిలబడితే చాలు, వంచక్కర్లేదు" అన్నారట.

సోమవారాలు కాస్తా సోమ, బుధ, శుక్రవారాలయ్యాయి. ఒకరోజు నిలువునా తడిసి వచ్చి, "ఇవాళ ఎక్కడికీ వెళ్ళలేదు, అది చెప్దామని వచ్చాను" అన్నాడు.

ఆయా అసిరమ్మ తువ్వాలు అందిస్తూ, "ఆ ముక్క సెప్పడానికి ఇంత వానలో రావాలేటి బాబూ?" అంది. చిన్నమ్మి కిటికీ వైపు తిరిగి వానని తెగ మెచ్చుకుంది.

గడువు ఇంకా నాలుగు రోజులుందనగా రమణబాబుకి బ్రహ్మాండమైన ఉపాయం తట్టింది. రైల్వే మనిషికి ఉపాయం తడితే అది ఫారం రూపంలోనే తడుతుంది. ఉద్యోగి భార్య దీర్ఘరోగి అయితే వరస రాకుండానే కింది అంతస్తు క్వార్టర్ ఇస్తారు. అతను దరఖాస్తు మూడు కాపీలు నింపి, 'భార్య' అన్న గడిలో చిన్నమ్మి పేరు రాసి, సంతకానికి పెన్ను అందించాడు.

చిన్నమ్మి మూడు కాపీలూ చదివింది.

"నన్ను పెళ్ళాడతారా, ఫైలు మూసేస్తారా?"

"రెండూనండీ" అన్నాడు అమాయకంగా.

చింపడానికి ఆమె వేళ్ళకి బలం చాల్లేదు. అసిరమ్మకిచ్చి చింపించింది.

"గతిలేక మిమ్మల్ని చేసుకుంటే, రేపు కోపమొచ్చినప్పుడు నేనెక్కడికెళ్ళాలి? ముందు నాకు నా చోటుండాలి. రాయండి!"

అతను ఫైలు అట్ట మీదే రాశాడు.

"ఈ ఆసుపత్రిలో నాలాటి ఆడపిల్లలం నలుగురున్నాం. వెనక పాత నర్సుల క్వార్టర్‌లో విరిగిన మంచాలేసి తాళమేశారు. అక్కడుంటాం. అసిరమ్మ పిన్ని వచ్చే నెల రిటైరవుతాది, మాతో ఉంటాది. రోజూ వ్యాయామానికొస్తాం, పారిపోం. రాశారా?"

ఒక్క మంచం ఖాళీ అయితే చాలనుకున్న పెద్ద డాక్టరుగారికి నాలుగు దొరికాయి. ఆయన ఆనందం పట్టలేక, మంచాలు మోసేవాళ్ళతో పాటు తానూ ఒక కోడు పట్టుకున్నారు. రమణబాబు గుమ్మానికి మెట్లు తీయించి ఏటవాలు దారి కట్టించాడు. ఫైలు మూతపడింది.

రెండు వారాలు అతనికి ఏమీ తోచలేదు. మూడో ఆదివారం పొద్దున్నే జామకాయలు పట్టుకుని ఆ గుమ్మంలో నిలబడ్డాడు.

"ఫైలేది?" అంది చిన్నమ్మి.

"లేదు."

"మరేటి పని?"

"పనేం లేదు. మీతో మాట్లాడని సోమవారాలు బాగోలేవు." జామకాయలు గుమ్మం పక్కన పెట్టాడు. "మీకిప్పుడు చోటుంది. కాదంటే నష్టమేం లేదు, నాకు తప్ప. నన్ను పెళ్ళి చేసుకుంటారా?"

చిన్నమ్మి దువ్వెన చూపించింది.

"పొద్దుటిపూట నా వేళ్ళు మడతపడవు. జడెయ్యడం వచ్చా?"

"రాదు."

"నేర్చుకో."

'మీరు' ఎక్కడ జారిపోయిందో వెతుక్కుంటూనే అతను మూడు పాయలు తీశాడు. అరగంట పట్టింది. జడ కుడి చెవి దగ్గర మొదలై, ఎటెటో తిరిగి, ఎడం భుజం మీద తేలింది.

"ఇదేటే, జడా, మలుపు తిరిగిన గూడ్సు బండా? ఇలా రా, సరిచేస్తాను" అంటూ వచ్చింది అసిరమ్మ.

చిన్నమ్మి తల వెనక్కి లాక్కుంది.

"ముట్టుకోకు పిన్నీ. మా ఆయనేశాడు."