ప్రభుదాసు ఇంట్లో రెండో మనిషి

ప్రభుదాసులో ఒక సుగుణం ఉంది. ఎవరూ అడక్కపోయినా తనే చెప్పుకుంటాడు. ఏ ఫారం చేతికిచ్చినా అందులో ఒక్క గడి ఖాళీగా వదలడు, ఒక్క కొట్టివేత ఉండనివ్వడు. దీన్ని గర్వం అనేవాళ్ళున్నారు. అతను మాత్రం నిజాయితీ అంటాడు.

పదో తరగతి రెండుసార్లు తప్పాడు. ఇంగ్లీషంతా మందుల అట్టపెట్టెల మీద చదివి నేర్చుకున్నాడు. "మొదట్లో నేను రాసిన దరఖాస్తులు చదివి ఆఫీసర్లు పూటకి రెండేసి మాత్రలు వేసుకునేవారు" అని తన మీద తనే జోకు వేసుకుంటాడు. అయినా రాజోలు బస్టాండు పక్కన అతను వీసా దరఖాస్తులు నింపిపెట్టే కొట్టు కోనసీమలో తెలియనివాళ్ళు లేరు. భర్త దగ్గరికి వెళ్ళే భార్యలు, కూతురి దగ్గరికి వెళ్ళే తల్లులు, అక్క దగ్గరికి వెళ్ళే తమ్ముళ్ళు, ఇలా నాలుగు వందల మందిని విమానం ఎక్కించాడు. తను మాత్రం ఎక్కలేదు.

అతని భార్య రత్నకుమారి ఎస్తావాలో ఉంది. ఎస్తావా ఉత్తరాన ఉన్న చలిదేశం. అక్కడ పిల్లలు తక్కువ, ముసలివాళ్ళు ఎక్కువ. ఆ ముసలివాళ్ళని చూసుకునే పని మీద ఆమె వెళ్ళి ఏడేళ్ళయింది. పదేళ్ళు నిండకుండా దేశం దాటితే ఆమె పర్మిట్ పోతుంది. కాబట్టి ఆమె రాకూడదు, ఇతనే వెళ్ళాలి. నాలుగేళ్ళు నిండితేగాని కుటుంబ వీసాకి అర్హత రాదన్నారు. తీరా నిండేసరికి, దొంగపెళ్ళిళ్ళు ఎక్కువయ్యాయని ఆ వీసాలనే ఆపేశారు. మూడేళ్ళ తరవాత జాడయంత్రం వచ్చాకే మళ్ళీ తలుపు తెరిచారు.

ఆ యంత్రం గురించి చెప్పడానికి కాకినాడ వీసా సెంటర్లో సభ పెట్టారు. చెప్పింది దాన్ని తయారుచేసిన డాక్టర్ హైమవతి. పొట్టిగా, నెమ్మదిగా మాట్లాడే మనిషి.

"ఇందులో మంత్రం ఏమీ లేదు. ఇద్దరు ఒకే ఇంట్లో బతికితే ఒకరి మెదడులో ఇంకొకరి నమూనా ఒకటి తయారవుతుంది. మీ ఆయన మెట్లెక్కుతుంటే, చూడకుండానే ఆయనేనని మీకు తెలుస్తుంది కదా? చెప్పుల చప్పుడు వినే కోపంగా ఉన్నాడో లేదో కూడా చెప్పేస్తారు. అది ఆ నమూనా చేసే పని. దాన్నే మేము జాడ అంటాం. ఈ హెల్మెట్లో ఉన్న సెన్సర్లు దాన్ని చదివి స్పీకర్లో వినిపిస్తాయి. పెళ్ళి కాగితాలు ఎక్కడైనా పుట్టించవచ్చు. జాడని పుట్టించలేరు."

ముందు వరసలో కూర్చున్న బేబమ్మ చెయ్యెత్తింది. మలికిపురం మనిషి. ఎస్తావాలో లారీ నడిపే భర్త దగ్గరికి వెళ్ళాలని ఆవిడ ఆరాటం. "అంటే మా ఆయన నా బుర్రలోనూ కాపురం పెట్టాడంటారు. బయట పెట్టింది చాల్లేదా ఏంటండీ!"

అందరూ నవ్వారు. డాక్టర్ హైమవతి కూడా నవ్వి, చప్పున ఆపేసింది. "నిజానికి దీన్ని వీసాల కోసం చెయ్యలేదు. మా నాన్నకి మతిమరుపు వచ్చింది. ఆయన మనసులో మా అమ్మ ఇంకా ఉందో లేదో చూద్దామని చేశాను."

"ఉందాండీ?"

"ఉంది. కానీ నాకు తెలిసిన అమ్మ కాదు. పెళ్ళినాటి పిల్ల."

తరవాత ఆవిడ నిబంధనలు చెప్పింది. జాడ వందకి నలభై దాటాలి. అక్కడున్న మనిషికీ ఇదే పరీక్ష చేస్తారు, రెండూ పోల్చి చూస్తారు. ఈ చివరి ముక్క ప్రభుదాసు శ్రద్ధగా రాసుకున్నాడు గాని, దాని గురించి ఆలోచించలేదు. మన రత్నం మనకి తెలీదా అనుకున్నాడు.

పరీక్షకి మూడు నెలల టైముంది. ప్రభుదాసు దృష్టిలో పరీక్ష అన్నాక సాధన ఉండాలి. పొద్దున్నే ఇద్దరికి కాఫీ కలపండి, మంచంలో సగం వదిలి పడుకోండి, ఆయన ఎదురుగా ఉన్నట్టే మాట్లాడండి అని కొట్టుకి వచ్చినవాళ్ళందరికీ చెప్పాడు. వాళ్ళు రెండ్రోజులు చేసి మానేశారు. అతను మానలేదు. గడి ఖాళీగా వదిలే అలవాటు లేదు కదా.

రత్నకుమారికి చిన్నప్పుడు గట్టు మీంచి పడి ఎడమ కాలు కాస్త దెబ్బతింది. నడిస్తే ఒక అడుగు టక్కుమనేది, ఇంకోటి సర్రుమని ఈడ్చుకొచ్చేది. ఆ చప్పుడునే పట్టుకుని సాధన చేశాడు.

నాలుగో వారంలో ఒకరోజు పొద్దున గెడ్డం గీసుకుంటుంటే వంటింట్లోంచి వినిపించింది.

టక్కు. సర్రు.

బ్లేడు గెడ్డం మీదే ఆగిపోయింది. ఆ వెంటనే మనసులో మార్కులు వేసుకున్నాడు. దెయ్యం అడుగులు విని పాసయ్యానని సంబరపడ్డ మొదటి మనిషిని నేనేనేమో అని అద్దంలో తనని చూసి నవ్వాడు. అద్దంలో మనిషి నవ్వలేదనిపించింది. సబ్బు నురగ వల్ల అనుకున్నాడు.

తరవాత గొంతు వచ్చింది. "ఏవండీ, కాఫీ చల్లారిపోతోంది." ఇంకో వారానికి పిలవకుండానే రావడం మొదలుపెట్టింది. అతను కుర్చీలో కూర్చుంటే వెనకాల నిలబడేది. తిరిగి చూస్తే ఉండేది కాదు. అందుకని తిరిగి చూడ్డం మానేశాడు. రెండో గ్లాసు రోజూ ఖాళీ అయ్యేది. తనే తాగి ఉంటానని సరిపెట్టుకున్నాడు. ఆ సరిపెట్టుకోవడం కూడా మెల్లిగా మానేశాడు.

ఆదివారం ఎస్తావా నుంచి ఫోన్ వచ్చింది. రత్నకుమారి చర్చి నుంచి తిరిగొచ్చినట్టుంది. అక్కడ అందరూ పేరుపెట్టే పిలుచుకుంటారట, ఆమెకీ అదే అలవాటైంది.

"దాసూ, కాలి ఆపరేషనయ్యాక ఇవాళే మొదటిసారి చర్చి మెట్లు చెయ్యి పట్టుకోకుండా ఎక్కాను. పోయిన నెల వీడియో పెట్టాను కదా, చూశావా?"

"ఊ. చూశాను." జవాబుగా బొటనవేలి బొమ్మ పెట్టినట్టు గుర్తుంది.

"ఏమనిపించింది?"

వంటింట్లో టక్కు, సర్రు. "ఉండవే" అన్నాడు అటు తిరక్కుండానే.

"ఎవరక్కడ?"

"ఎవరూ లేరు."

"ఎవరితోనో ఉండవే అన్నావు."

"రేడియో."

"ఇక్కడ మధ్యాహ్నం మూడింటికే చీకటి పడిపోతుంది దాసూ. పొద్దస్తమానం ముసలమ్మలతో మాట్లాడి మాట్లాడి ఇంటికొస్తాను. ఇంట్లో మాట్లాడ్డానికి మనిషుండడు. ఈసారి నువ్వు రాకపోతే, నేనింక ఎదురుచూడను. కోపంతో అనడం లేదు. ఓపిక లేక చెబుతున్నాను."

"వస్తాను రత్నం. ఈసారి ఖాయం" అన్నాడు. అతని వెనకాల ఎవరో చిన్నగా దగ్గారు.

పరీక్ష రోజు ముందుగా బేబమ్మ లోపలికెళ్ళింది. పావుగంటలో ఎగురుకుంటూ వచ్చింది. "అరవై రెండండీ! స్పీకర్లో మా ఆయన ఒకటే తిట్లు. డాక్టరమ్మ చెవులు మూసుకుంది పాపం."

"నేను చెప్పిన సాధన చేశావా?"

"ఎక్కడండీ! ఆయన గొంతు సరిగ్గా గుర్తురాక రోజూ ఫోన్ చేసేదాన్ని. చేస్తే ఊరికే ఉంటామా? దెబ్బలాడుకునేవాళ్ళం. ఇప్పుడాయనకి బట్టతల వచ్చేసిందంట, ఆ సంగతీ అప్పుడే తెలిసింది."

ప్రభుదాసు జాలిగా నవ్వి లోపలికెళ్ళి హెల్మెట్ పెట్టుకున్నాడు. కళ్ళు మూసుకోమన్నారు.

టక్కు. సర్రు.

గదిలో ఉన్న నలుగురూ గుమ్మం వైపు చూశారు. గుమ్మంలో ఎవరూ లేరు. చప్పుడు దగ్గరికి వచ్చింది, కుర్చీ చుట్టూ తిరిగింది, అతని వెనకాల ఆగింది. "ఏవండీ, ఇంటికెళ్ళిపోదాం రండి. ఇక్కడ చలిగా ఉంది." ఏసీ కట్టెయ్యడానికి ఆపరేటర్ లేచాడు. లేచాక గాని అతనికి తెలియలేదు, తను ఎవరి మాట విన్నాడో.

"తొంభై ఆరు" అంది డాక్టర్ హైమవతి. "ఇంత బలమైన జాడ నేనెక్కడా చూడలేదు."

ప్రభుదాసు ఛాతీ ఉబ్బింది. ఎవరూ నేర్పకుండానే సాధించాడు. ఫ్రేము కట్టించుకోవాలనుకున్నాడు కూడా.

అప్పుడు ప్రింటర్లోంచి కాగితం వచ్చింది. రెండు జాడలూ పోల్చి చూసి ఎస్తావా కాన్సులేట్ పంపిన ఉత్తర్వు. డాక్టర్ దాన్ని రెండుసార్లు చదువుకుని అతని చేతికిచ్చింది. మందుల అట్టల ఇంగ్లీషుకి కూడా అర్థమయ్యేంత తేటగా రాశారు. దరఖాస్తుదారు స్వదేశంలో మరొక స్త్రీతో కాపురం చేస్తున్నట్టు రుజువైనందున కుటుంబ వీసా నిరాకరించడమైనది.

"నాకా! ఇంకో ఆడమనిషా! మా పాస్టరుగారిని అడగండి. మా వీధిలో అందరినీ అడగండి!"

"అబద్ధం మీరు చెప్పట్లేదు, యంత్రమూ చెప్పట్లేదు" అంది డాక్టర్. "మీలో ఉన్నావిడకీ అక్కడున్న రత్నకుమారిగారికీ పోలిక వందకి తొమ్మిది. ఈవిడ కాలు ఈడుస్తుంది. ఆవిడ నిటారుగా నడుస్తున్నారు. ఈవిడ కాఫీ తాగుతుంది. ఆవిడ మానేసి అయిదేళ్ళయింది. ఈవిడ మీ మాటకి ఎదురు చెప్పదు. ఆవిడ..." కాగితం చూసింది. "ఆవిడ చాలా చెప్పారు."

"మరి ఆవిడలో నేను లేనా?"

"ఉన్నారు. నలభై మూడు. ఎక్కువ భాగం ఫోన్లో 'ఊ' అనడమే."

ఉత్తర్వు నకలు రత్నకుమారికీ వెళ్ళింది. ఆ సాయంత్రమే ఫోన్ చేసింది.

"ఎవరావిడ?"

"నువ్వే రత్నం. ఒట్టు. నువ్వే."

"నేనే అయితే నాకు తెలీకుండా ఎలా ఉంటాను?" ఏడవలేదు. ఏడిస్తే బావుండునని అతనికి అనిపించింది. "అప్పీలు ఫారం ఇచ్చారటగా. నలభై రోజుల గడువు. అందులో అడిగేవన్నీ నా సంగతులే. నాకు నేనై చెప్పను దాసూ. ఏడేళ్ళూ చెప్పాను. నువ్వడుగు. అడిగితే చెబుతాను. అదే నా ఎదురుచూపుకి ఆఖరు."

గడువు ముగియడానికి ఇంకొక్క రోజు ఉందనగా, ప్రయాణం చెప్పడానికి బేబమ్మ ఇంటికి వచ్చింది. మర్నాడే ఆవిడ విమానం. ప్రభుదాసు బల్ల ముందు ఫారంతో కూర్చుని ఉన్నాడు. అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి, కొట్టివేత లేదు. పేర్లూ చిరునామాలూ దాటి, రత్నం సంగతులు అడిగే మొదటి గడి దగ్గర కలం ఆగి, ఇంకు చుక్క పడి ఆరిపోయింది.

బేబమ్మ వంగి కూడబలుక్కుని చదివింది. "మీ భార్య ప్రస్తుతం పొద్దున్నే ఏం తాగుతారు? ఇంతేనా అండీ? నేనింకా ఏం పెద్ద ప్రశ్నో అనుకున్నాను. ఫోన్ చేసి అడిగెయ్యండి!"

"రోజూ ఫోన్ తీస్తున్నానమ్మా."

"తీసి?"

అతను వంటింటి వైపు చూడబోయి ఆగాడు. తీసిన ప్రతిసారీ ఆ చప్పుడు దగ్గరికి వస్తుందనీ, ఫోనెందుకండీ, నేనిక్కడే ఉన్నానుగా, నన్నడగండి అంటుందనీ ఆవిడకెలా చెబుతాడు?

బేబమ్మ కుర్చీ లాక్కుని బల్ల మీదున్న రెండు గ్లాసుల్లో ఒకటి అందుకోబోయింది. కాఫీ ఇంకా పొగలు కక్కుతోంది. "నా కోసం ముందే కలిపి పెట్టారా, మీకెంత మర్యాదండీ!"

"అది... అది ఉంచమ్మా. నీకు వేరే కలుపుతాను."

బేబమ్మ చెయ్యి వెనక్కి తీసుకుంది. గ్లాసు వైపు, అతని వైపు, వంటింటి వైపు చూసింది. ఆవిడ మొహంలో నవ్వు పోయింది. "గురువుగారూ, మందుల డబ్బాల మీద ఇంగ్లీషు నేర్చుకున్నారు. మా అందరికీ దేశాలు దాటే దారి నేర్పారు. సొంత పెళ్ళాన్ని ఒక్క మాట అడగలేరా?"

ప్రభుదాసు కలానికి మూత పెట్టాడు.

"అదే బేబమ్మా" అన్నాడు. "అడగడం నాకింకా రాలేదు."