గాజు జాడీలోని గొంతు

ఆదివారం సాయంత్రం నాలుగున్నర... రాహుకాలం మొదలైన క్షణం! పైగా అమావాస్య! కూవం నది మీద కాటుక మేఘాలు కమ్ముకుని, చింతాద్రిపేట పట్టపగలే చీకటైపోయింది. దిక్కులు పిక్కటిల్లేలా పిడుగు పడింది. వేళ కాని వేళ ఎక్కడో గుడ్లగూబ కూసింది...

సరిగ్గా అప్పుడే రాగిణి ఆదికేశవులు నడిపే డబ్బింగ్ స్టూడియో మెట్లెక్కింది.

ముప్పై ఏళ్లపాటు ఎందరో నాయికలకు తెలుగులో గొంతిచ్చిన మనిషి. ఆ దగ్గర్లోనే చూలై పేటలో ఒంటిగది కాపురం. వారాల తరబడి పలకరించే దిక్కులేక, గొంతు పాడవకుండా గోడలతో మాట్లాడుకునేది. లోకంలో ఆమెకంటూ ఉన్నదల్లా ఆ గొంతే. అదీ ఈమధ్య ఎవరికీ అక్కర్లేకుండా పోయింది. కంప్యూటరే మాట్లాడేస్తోందట, ఏం చేస్తాం! అందుకే ఆదికేశవులు ఫోన్ చేయగానే పరిగెత్తుకొచ్చింది.

"రాహుకాలంలో మొదలుపెడతారా సార్?"

"చూసే పెట్టినాను లే. నువ్వు పోయి ఆడ మైకు ముందర నిలబడు, చాలు."

తెర మీద పాత జపాను యానిమేషన్ చిత్రం. ఏదో శాస్త్రకల్పనల బొమ్మల పుస్తకం నుంచి నలభై ఏళ్ల కిందట తీసిన భయానక గాథ. అందులో ఒక శాస్త్రవేత్త గాజు జాడీలో ఓ పిల్లను పుట్టిస్తాడు. ఆ పిల్లకు తల్లి లేదు, పేరు లేదు, చిత్రమంతా కేకలే. ఆ కేకలు రాగిణి పెట్టాలి.

మొదటి కేకకు గొంతులో ఏదో తెగి వెళ్లిపోయినట్టయింది. రెండో కేకకు బొంగురుపోయింది. మూడో కేకకు... తెర మీది పిల్ల చెక్కిళ్లలో నెత్తురు పొంగింది! రాగిణి వెనక్కి తూలి మైకు స్టాండును పట్టుకుంది. దాని మొదట్లో కప్పిన నల్లగుడ్డ జారింది. కుంకుమ పూసిన మనిషి పుర్రె!

"నా గొంతును... ఏం చేస్తా ఉండావు?"

రికార్డింగ్ గది అద్దం వెనక ఆదికేశవులు వికటాట్టహాసం చేశాడు. "పుట్టుక లేనిదానికి చావుండదు! నీ ప్రాణనాదం పోస్తే ఆ బొమ్మ లేచొస్తాది. కడకు ఒక్క మాట నువ్వు పలికితే, జన్మంతా నాకు ఊడిగం చేస్తాది. నీ ముందర పెట్టిన కాగితంలో ఉండేది చదువు! చదవకుంటే ఈడనే నీ ప్రాణం తీస్తా!"

తలుపుకు తాళం పడింది. కాగితం మీద ఉన్నది ఇంతే: 'నీ దాసిని.'

రాగిణి తెర వైపు చూసింది. కేకలకు ముందు వేసిన రిహార్సల్‌లో ఈ చోట ఆ పిల్ల పెదవులు తెరుచుకునే ఉన్నాయి. ఇప్పుడు... మూసుకుంటున్నాయి! ఆదికేశవులుకు మంత్రాలు తెలుసు గాని డబ్బింగ్ పని తెలియదు పాపం. తెర మీద పెదవులు కలిశాయంటే మాటలో 'మ'యో 'ప'యో పడి తీరాలి. 'దాసిని'లో పెదవులు కలిసే అక్షరమే లేదు. ముప్పై ఏళ్ల అలవాటు కాగితాన్ని పక్కకు నెట్టేసింది. రాగిణి మిగిలిన గొంతంతా కూడగట్టుకుని, ఆ పెదవులకు సరిపోయే మాట అనేసింది.

"అమ్మా!"

పుర్రె ఫెళ్లున పగిలింది! దాసి కావలసిన బొమ్మ బిడ్డయిపోయింది. తెర ఉబ్బి, అందులోంచి ఆ పిల్ల కాళికలా దూకింది! అద్దం తునాతునకలైంది. ఆదికేశవులు మంత్రం సగంలోనే తెగిపోయింది. ఆ పిల్ల వాణ్ని జుట్టు పట్టి ఈడ్చుకెళ్లి, తెరలోకి విసిరేసింది. మరుక్షణం వాడు గాజు జాడీలో బొమ్మయి, పిడికిళ్లతో బాదుతూ నోరు తెరిచి అరుస్తున్నాడు. చప్పుడే లేదు. 'కాపాడు' అంటున్నాడని రాగిణికి తెలుస్తూనే ఉంది. ఆమె హెడ్‌ఫోన్ తీసి పక్కన పెట్టింది.

పిల్ల ఆమె ఎదుటికొచ్చి నిలబడింది.

"అమ్మా!"

జీవితంలో మొదటిసారి ఆమెను ఒకరు కన్నతల్లిగా పిలిచారు. పిలిచింది తన గొంతే. రాగిణికి దుఃఖం పొంగుకొచ్చింది. 'ఏంది కన్నా' అనబోయింది. పెదవులు కదిలాయి గాని మాట రాలేదు. గొంతు మొత్తం పోయింది.

పిల్ల ఆ పెదవులనే రెప్ప వేయకుండా చూసింది. తర్వాత రాగిణి గొంతుతో, రాగిణి పెదవులకు సరిగ్గా సరిపోయేలా, తనకు తనే మెల్లగా బదులు చెప్పుకుంది.

"ఏంది కన్నా..."