తాడు పట్టే మనిషి

కాఫీ నీళ్ళు పొయ్యి మీద పెట్టి, చెంబు కోసం పెరట్లోకి వెళ్ళిన తెరేసమ్మకు గుండె ఆగినంత పనయింది. కోడలు మార్త సిమెంటు తొట్టి అంచు పట్టుకుని, తల మొత్తం నీళ్ళలో ముంచి, కదలకుండా వంగి ఉంది. జడ నీళ్ళ మీద తేలుతోంది.

"ఓరి నాయనోయ్! మరియమ్మ తల్లీ! పిల్ల పోయిందిరోయ్!"

ఆ కేకకు వన్ టౌన్‌లో ఆ సందంతా లేచి కూర్చుంది. తెరేసమ్మ పరుగెత్తి కోడలి జడ పట్టుకుని లాగింది. మార్త తలెత్తి, మొహం తుడుచుకుని, నవ్వింది.

"ఏం కాలేదు అత్తయ్యా. ఊపిరి బిగబట్టడం అలవాటు తప్పిందేమోనని చూసుకుంటున్నా."

"నీ ఊపిరి సంగతి సరే, నా ఊపిరి పోయేది కదే! ఇలాంటివి చేసేటప్పుడు ముందు చెప్పి చావొచ్చుగా!" అంటూనే తెరేసమ్మ పైటకొంగుతో కోడలి తల తుడిచింది. తిట్టడం, తుడవడం ఆవిడకు ఒకేసారి వస్తాయి.

తెరేసమ్మ భర్త శౌరయ్యది గుల్ల కాల్చి చేసే గుల్లసున్నం వ్యాపారం. ఆ గుల్ల వచ్చేది నాగాయలంక అవతల, సముద్రంలో కలిసే ఒక ఏటిపాయలోంచి. మార్త ఆ ఏటి ఒడ్డు పల్లెలో పుట్టింది. అక్కడ ఆడవాళ్ళు ఊపిరి బిగబట్టి, అడుగుదాకా మునిగి గుల్ల తీస్తారు. విభూది బుధవారం నుంచి ఈస్టరు దాకా మాత్రం ఎవరూ నీళ్ళలోకి దిగరు. పండగ మర్నాడు ఒకే ఒక మనిషి, బుట్ట లేకుండా దిగి, అడుగు చూసి, గుప్పెడు గుల్ల పైకి తెస్తుంది. ఎదిగిన గుల్లయితే అందరూ దిగుతారు. పిల్లగుల్లయితే ఆ ఏడు ఏరు మూసేస్తారు. ఆ చూసే పని మొదట మార్త తల్లి అమలమ్మది, తర్వాత మార్తది. పోయిన వానల్లో అమలమ్మ జ్వరంతో పోయింది.

ఆ మధ్యాహ్నం భోజనాల దగ్గర శౌరయ్య అసలు సంగతి బయటపెట్టాడు.

"గన్నవరం కాంట్రాక్టరుకి ఈ ఎండాకాలమంతా సున్నం తోలతానని మాటిచ్చానమ్మాయ్. సోమవారం నువ్వు పైకొచ్చాక గుల్ల బ్రహ్మాండంగా ఉందని పడవలో మనిషి చేత చెప్పించు. అంతే."

"చూడకుండా ఎట్లా చెప్పిస్తాను మావయ్యా?"

"చూడు, ఎవరొద్దన్నారు? చూసి, ఉందని చెప్పించు."

మార్త అన్నం కలుపుతున్న చెయ్యి ఆగింది. "పోయినేడు ఏరు బాగా ఊడ్చేశాం మావయ్యా. మిగిలింది పిల్లగుల్లే అయితే, అది కూడా తీసేస్తే మళ్ళీ పుట్టడానికి ఏట్లో ఏమీ ఉండదు. మా వాళ్ళు ఏం తిని బతుకుతారు?"

"మీ వాళ్ళు, మీ ఏరు! నువ్విప్పుడు ఈ ఇంటి కోడలివి. ఈ పొయ్యి మీద అన్నం ఉడికేది ఆ సున్నం మీదే. అది గుర్తుందా?"

జాన్‌బాబు కంచంలోకి చూస్తూ కూర్చున్నాడు. పెళ్ళానికీ తండ్రికీ మధ్య అతనికి పప్పులో ఉప్పు తప్ప ఇంకేమీ కనిపించలేదు. మార్త చెయ్యి కడుక్కుని లోపలికి వెళ్ళిపోయింది.

"అన్నం దగ్గర పిల్లని ఏడిపిస్తారా? బుద్ధుందా మీకు?" అని మొగుణ్ణి ఒకటి తిట్టి, కోడల్ని ఇంకొకటి తిడదామని తెరేసమ్మ వెనకాలే వెళ్ళింది. మార్త ట్రంకుపెట్టె మీద కూర్చుని వెక్కి వెక్కి ఏడుస్తోంది.

"మావయ్య అన్నదానికి కాదు అత్తయ్యా. నాకు తాడు పట్టేవాళ్ళు లేరు."

"తాడేంటే?"

"దిగే మనిషి నడుముకి కట్టి, పడవలో ఒకళ్ళు పట్టుకుంటారు. మా తల మునిగినప్పుడే వాళ్ళూ ఊపిరి బిగబట్టాలి. వాళ్ళకి ఇంక ఆగలేదనుకోండి, మమ్మల్ని లాగేస్తారు. అందుకని పరాయివాళ్ళ చేతికివ్వరు. మా అమ్మే పట్టేది."

తెరేసమ్మకు మేడ మెట్లెక్కితేనే ఆయాసం. అయినా నోటికి ముందు వచ్చి బుద్ధికి తర్వాత వచ్చే మాటలు ఆవిడకు చాలా ఉన్నాయి. "నేను పడతా. ఏడుపాపు," అంది.

శౌరయ్య ఈ మాట విని పొంగిపోయాడు. పైకొచ్చిన మనిషికి ఆయాసంతో మాట పెగలదు గనుక, గుప్పిట్లో ఉన్నది చూసి అందరికీ చెప్పేది తాడు పట్టిన మనిషే. గుల్ల కొనడానికి ఏటా వెళ్ళే ఆయనకు ఆ పద్ధతి తెలుసు. "నువ్వే పట్టు తెరేసా. ఇక మన పని అయిపోయినట్టే," అన్నాడు. ఆయన నవ్వుకు అర్థం తెరేసమ్మకూ తెలిసింది. ఆవిడ కాదనలేదు. సున్నం కొట్టు తనది కూడా కదా.

సోమవారానికి అందరూ పామర్రు మీదుగా బస్సులో వెళ్ళి ఏటి ఒడ్డు చేరారు. పోటు తగ్గి నీళ్ళు తేటపడ్డాయి. పల్లె అంతా ఒడ్డున నిలబడింది. పడవలో తెరేసమ్మ తాడు మణికట్టుకి రెండు చుట్లు చుట్టుకుంది. మార్త చీర గోచీ బిగించి బుడుంగున మునిగింది. తెరేసమ్మ నోరు బిగించింది. అంతలోనే భయం పుట్టి లాగేసింది.

మార్త తేలి, కిసుక్కున నవ్వింది. "అడుగు కూడా తాకలేదు అత్తయ్యా!" ఒడ్డు మీద ఆడవాళ్ళూ నవ్వారు. రెండోసారీ అంతే అయింది.

మూడోసారి తెరేసమ్మ కళ్ళు మూసుకుంది. ఛాతీలో మంట మొదలైంది, చెవుల్లో హోరు. ఒక్క గుక్క గాలి పీలిస్తే తనకు ప్రాణం లేచొస్తుంది. కానీ కింద పిల్లకు ఆ గుక్క లేదు. ఇన్నేళ్ళుగా తన ఇంటికి బస్తాల్లో వచ్చి పడ్డ గుల్ల ఇలా వచ్చిందా? ప్రతి బస్తా కోసం ఎవరో ఒక పిల్ల అడుగున ఇలా మండుతూ ఉందా? తెరేసమ్మకు సున్నం గుర్తులేదు, కాంట్రాక్టరు గుర్తులేడు. తల్లీ, దీన్ని నాకు పైకి పంపించు, ఇంకేమీ వద్దు అనుకుంది. ఇక ఆగలేక, ఏడుస్తూ లాగింది.

మార్త పైకొచ్చి పడవ అంచు పట్టుకుని రొప్పుతూ గుప్పిట విప్పింది. గోరంత గుల్లలు. ఇంకా పెంకు కూడా గట్టిపడలేదు. తల ఎత్తి అత్త కళ్ళలోకి చూసింది.

"ఏం తెరేసా! ఎదిగిందేనా?" ఒడ్డు మీంచి శౌరయ్య అరిచాడు.

తెరేసమ్మ ఆ గుల్లల్ని తన అరచేతిలోకి తీసుకుని, నెమ్మదిగా మళ్ళీ నీళ్ళలోకి వదిలేసింది.

"పిల్లగుల్ల!" అంది గొంతెత్తి. "ఈ ఏడు ఏరు మూసెయ్యండి!"

శౌరయ్య కండువా దులిపి భుజాన వేసుకుని, వెనక్కి తిరిగి బస్సు రోడ్డు వైపు నడిచాడు. మార్త పడవలోకి ఎక్కి, అత్త ఒళ్ళో తల పెట్టి భోరుమంది. "మీరు ఉందంటారనుకున్నాను అత్తయ్యా."

"నేనూ అందామనే వచ్చానే," అంది తెరేసమ్మ, తడిసిన ఆ తల నిమురుతూ.

బస్సు దగ్గర శౌరయ్య గోలీసోడాలు పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఒకటి కోడలికిచ్చాడు, ఒకటి భార్యకిచ్చాడు. ఖాళీ అయిన సీసాలు కొట్టువాడికి తిరిగిచ్చి వచ్చాడు.

"గన్నవరం రేపు నేనే వెళ్ళి చెప్తాలే. రాతిసున్నం వాడుకోమంటాను," అన్నాడు చివరికి. తర్వాత అటు తిరిగి, ఎవరికో చెప్తున్నట్టు గొణిగాడు. "మూడోసారి మరీ అంతసేపా? ఒడ్డున నాకూ ఊపిరాడలేదు."

జాన్‌బాబు మొదటిసారి నోరు తెరిచి, "నాకూ," అన్నాడు.

తాడు పట్టిన మనిషి ఇంట్లోనే వచ్చే ఏడాది దాకా ఆ తాడు ఉండాలట. తెరేసమ్మ దాన్ని తెచ్చి మరియమ్మ పటం పక్కన మేకుకి తగిలించింది.

మర్నాడు పొద్దున మార్త లేచేసరికి కాఫీ నీళ్ళు పొయ్యి మీద మరిగి మరిగి ఇగిరిపోతున్నాయి. వంటింట్లో ఎవరూ లేరు. కంగారుగా పెరట్లోకి వెళ్ళింది. తెరేసమ్మ ముక్కు గట్టిగా మూసుకుని, తొట్టి నీళ్ళలో మొహం ముంచి ఉంది.

"అత్తయ్యా!"

తెరేసమ్మ తలెత్తింది. మొహమంతా నీళ్ళు కారుతూ, రొప్పుతూ, కోపంగా చూసింది.

"అప్పుడే పిలుస్తావేంటే? వచ్చే ఏడు నువ్వు అడుగంతా తీరిగ్గా చూసుకోవద్దూ?"