బోర్లించిన డొప్ప

ఉప్పు కుండ అడుగు గోకిన చప్పుడుతో ఆ ఇంట్లో తెల్లారింది.

"అయిపోనాది. ఈవేళ సంతలో ఉప్పు దొరక్కపోతే వారం దినాలూ సప్పిడి అంబలే," అంది ముత్యాలమ్మ, కుండని మొగుడి ముక్కు దాకా తెచ్చి.

సోంబరు లోపలికి తొంగిచూసి తల ఊపాడు. ఖాళీ కుండలో చూడ్డానికి ఏమీ ఉండదని అతనికి తెలుసు. కానీ ఇరవై ఏళ్ళ కాపురంలో, ఆవిడ చూపించింది ఏదైనా సరే ఒకసారి చూసి తల ఊపడమే ఆరోగ్యమని కూడా తెలుసు.

అది 1926. ముంచింగిపుట్టుకి ఇంకా బండి దారి పడలేదు. పిప్పళ్ళూ కరక్కాయలూ నెత్తిన పెట్టుకుని కొండ దిగి సంతకి వెళితే, కింది దేశం వర్తకులు ఎద్దుల మీద వేసుకొచ్చిన ఉప్పూ ఎండుచేపలూ బదులుగా ఇస్తారు. ఆ ఉప్పు మూట మీద ముత్యాలమ్మ చెయ్యి తప్ప ఇంకెవరి చెయ్యీ పడకూడదు. ఇంట్లో అదొక్కటే గట్టి చట్టం.

వసారాలో కూతురు కనక అప్పటికే అడ్డాకు డొప్పలు కుట్టేసి, బుట్టలోకి సర్దేస్తోంది. పద్దెనిమిదేళ్ళ పిల్ల. వెదురు పుల్ల పళ్ళ మధ్య పెట్టుకుని మాట్లాడగలదు, పోట్లాడగలదు కూడా.

"మూడు నెల్లుగా సూత్తన్నాను. సంత రోజు కోడి కుయ్యడం ఆలిస్యం, ఎల్లిపోతన్నావు," అంది తల్లి. "ఆ రాజులమ్మ కల్లు పాకలో నాలుగు డొప్పలు దించడానికి ఇంత బేగి ఎల్లాలేటి?"

"అత్తకి సూపు సరిగా ఆనడం నేదమ్మా. పొగకి పాడయిపోనాది. రెండో సెయ్యి ఉండాల గదా." కనక బుట్ట నెత్తికెత్తుకుంది. గుమ్మం దాటాక, అప్పుడే గుర్తొచ్చినట్టు వెనక్కి తిరిగింది. "అయ్యా, ఈవేళ సద్ది కట్టుకోకండి. మజ్జేనం అత్త పాకలోనే తిందాం. ముగ్గురం."

బయట తినడం అంటే ఆ ఇంట్లో అప్పటిదాకా ఒకటే అర్థం. అడవిలో దారి తప్పడం.

"కల్లు తాగుతాం, తప్పు నేదు. కూడు తినడవేటి? పొయ్యున్నోలు ఇంకోల పొయ్యి కాడ సెయ్యి సాపుతారేటి?" అంది ముత్యాలమ్మ.

"ఒక్కసారి రా అమ్మా. నచ్చకపోతే డొప్ప బోర్లించీ. అత్త పాకలో అదే కట్టు."

అనేసి దిగిపోయింది. సోంబరు పిప్పళ్ళ మూట కడుతూ, "పోనీ ఒక్కపాలి..." అన్నాడు. ముత్యాలమ్మ చూసిన చూపుకి మిగతా మాట మూటలోకే వెళ్ళిపోయింది. అయినా ఆవిడ సద్ది మాత్రం కట్టలేదు. ఎందుకు కట్టలేదో అతను అడగలేదు. అడిగి ఉంటే ఆవిడ మనసులో దాచింది బయటపడి, ఈ కథ ఇంట్లోనే తేలిపోయేది.

*

రాజులమ్మ పాక సంతకి వెనక, వాగు ఒడ్డున ఉంటుంది. నాలుగు వాసాలు, గడ్డి కప్పు, కూర్చోడానికి వెదురు తడికలు. కుండల నిండా జీలుగు కల్లు, మూతులకి అడ్డాకులు. ఎవరొచ్చి కూర్చున్నా సొరకాయ బుర్రతో ముందు కల్లు పోస్తారు. తరవాత నంజుకోడానికి డొప్పలు ఒకటొకటిగా వస్తాయి. ఏ డొప్పలోనూ పిడికెడుకి మించి ఉండదు. తినేసి డొప్ప అలాగే ఉంచితే ఇంకొకటి వస్తుంది. బోర్లిస్తే చాలని అర్థం. మాటలతో పని లేదు. ఒడియా వాడొచ్చినా, పరజ తెగవాడొచ్చినా, కింది దేశం వర్తకుడొచ్చినా అందరికీ అదే భాష.

పిప్పళ్ళిచ్చి సంతలో తెచ్చుకున్న ఉప్పు మూట ఒళ్ళో పెట్టుకుని, ముత్యాలమ్మ తడిక అంచున కూర్చుంది. కనక డొప్ప పెట్టీ పెట్టకముందే దాన్ని బోర్లించేసింది.

"ఇంకా ఏటీ ఎయ్యనేదమ్మా."

"ఎయ్యక్కర్నేదు."

సోంబరుకి అంత పట్టుదల లేదు. మొదట ఆకులో చుట్టి నిప్పుల్లో పెట్టిన పుట్టగొడుగులొచ్చాయి. తరవాత వేయించిన అడ్డతీగ గింజలు, పులియబెట్టిన లేత వెదురు కొమ్ములు, వలిసె గింజల పొడి అద్దిన కందికాయలు. బొంగులో కాల్చిన కోడి వచ్చేసరికి అతను మాట్లాడడం మానేశాడు. ఎండుచేప ముక్క నోట్లో పెట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. ఇంట్లో రోజుకి ఒక కుండ, ఒక రుచి. ఒక పూట కూర్చుంటే ఇన్ని రుచులు తగులుతాయని నలభై అయిదేళ్ళలో అతనికి ఎవరూ చెప్పలేదు.

"ఓలమ్మ రాజులమ్మా, ఈ సెయ్యి ఇన్నాల్లూ ఎక్కడ దాసీసినావే?"

పొయ్యి పక్కన పీట మీద కూర్చున్న ముసలామె కిసుక్కున నవ్వింది. "నాకు సూపే ఆనదు, సోంబరూ. నానెక్కడ వండుతాను!"

ఈ నిమిషం కోసమే కనక మూడు నెలలు దాచింది. తిన్నాక చెప్పాలి, మెచ్చుకున్నాక చెప్పాలి. పోయిన సంతకే రాజులమ్మ తేల్చేసింది. "పొయ్యి నీకే ఇచ్చీత్తాను. మీ అయ్యా అమ్మా సరేనంటేనే. నేదంటే వొచ్చే సంతకి ఇంకో ఆడగుంటని సూసుకుంటాను." ఏడో డొప్ప ఎర్రచీమల పచ్చడి. అది తండ్రి ముందు పెట్టి, నోరు తెరవబోయింది.

సరిగ్గా అప్పుడే మంగ్లు వచ్చాడు. పక్క కొండ మీద ఊరు అతనిది. పది జతల ఎడ్లున్న మనిషి. వెనక ఇద్దరు తమ్ముళ్ళు. భుజం మీది కుండని పొయ్యి పక్కన, సోంబరుకి ఎదురుగా దించి, "తాగు బావా!" అన్నాడు.

కుండ మూతికి అడ్డాకు. పాకలో అన్ని కుండల మూతులకీ అడ్డాకులే. సోంబరు నోట్లో చీమల పచ్చడి భగ్గుమంటోంది. కళ్ళమ్మట నీళ్ళు. ముందూ వెనకా చూడకుండా ఆకు తీసి, సొరకాయ బుర్ర ముంచి గటగటా తాగేశాడు.

"తాగీసినాడు! సూసినారా, అందరూ సూసినారా!" అని మంగ్లు చప్పట్లు కొట్టాడు. "మా కొడుకు బుధుకి పిల్ల కుదిరిపోనాది!"

సొరకాయ బుర్ర సోంబరు చేతిలోనే ఆగిపోయింది. పెళ్ళి కుండ! మగపిల్లాడి వాళ్ళు తెచ్చి దించిన కుండలో పిల్ల తండ్రి ఒక్క గుక్క తాగితే చాలు, ఆ సంబంధం ఖాయం. ఆ కొండల్లో దానికి మించిన మాట లేదు.

"ఇదేటి మంగ్లూ... రాజులమ్మ కుండనుకున్నాను..."

"ఏ కుండయితేనేటి, గొంతు నీదే గదా! రేపు మీ కొండెక్కి రావాలిసినోణ్ణి. మోకాల్లు నొప్పులు. ఇక్కడ అవుపడినారు, మల్లీ ఎక్కడం ఎందుకని దించీసినాను."

"రేపు? రేపు నిన్నెవలు రమ్మన్నారు?"

మంగ్లు ముత్యాలమ్మ వైపు చూశాడు. ఆవిడ ఉప్పు మూటని ఇంకాస్త దగ్గరికి లాక్కుంది.

"నానే కబురెట్టినాను," అంది చివరికి. "ఏటి తప్పు? పదారేల్లు దాటి రెండేల్లయినాది. కల్లు పాక సుట్టూ తిరుగుతాది. నలుగురూ నవ్వక ముందే ఓ ఇంటికి పంపీయాలని సూసినాను. ఆల ఇంట్లో గంజికి లోటు నేదు."

"నన్నడగనేదు!" తండ్రీ కూతురూ ఒకేసారి అన్నారు. పాకలో ఎవరో నవ్వారు.

కనక నవ్వలేదు. చేతిలో గరిటె అలాగే ఉంది.

"బుధు మంచోడే," అంది. "మంచోడని పెల్లాడాలంటే ఈ కొండల్లో ఎంతమందిని పెల్లాడాల? నానొప్పుకోను."

"ఒప్పుకోవడం ఏటి గుంటా? మీ అయ్య తాగీసినాడు."

"మామా, పెల్లి కుండ ఎక్కడ దించుతారు?"

"పిల్ల ఇంట్లో. పొయ్యి కాడ."

"ఇక్కడ దించినావు గదా. ఇది మా ఇల్లేటి?"

మంగ్లు తడబడ్డాడు. తమ్ముళ్ళ వైపు చూశాడు. వాళ్ళు డొప్పల వైపు చూస్తున్నారు. ఈసారి రాజులమ్మే కలగజేసుకుంది.

"ఇల్లు కాదు గానీ, పొయ్యి మాత్రం దానిదే. మూడు నెల్లుగా సంత సంతకీ ఇక్కడ వండుతున్నాది అదే. మీరు లొట్టలేసుకుని తిన్నదంతా దాని సెయ్యే."

సోంబరు తన ముందున్న డొప్పల్ని చూసుకున్నాడు. ముత్యాలమ్మ లేచి నిలబడింది.

"డొప్పలు దించడానికని సెప్పి... ఊరోల కూడు వండుతున్నావేటే!"

మంగ్లుకి మాత్రం ప్రాణం లేచొచ్చింది. "ఇంకేటి మరి! పిల్ల పొయ్యే గదా. పిల్ల పొయ్యి కాడే కుండ దించినాను. తప్పేటున్నాది?"

"తప్పేటీ నేదు మామా." కనక పాకలో అందరి వైపూ తిరిగింది. "విన్నారా? ఇది నా పొయ్యని మామే అన్నాడు. మా ఇంటి పొయ్యి మా అయ్యది. అక్కడ దించితే అయ్య తాగాల. ఇది నాది. ఇక్కడ దించిన కుండ నాను తాగాల. నాను తాగనేదు."

"ఆడగుంట తాగడవేటి! ఎక్కడైనా ఉన్నాదా?"

"మీ అమ్మ మారుమనువు ఎల్లిననాడు కుండ ఎవలు తాగినారు, మంగ్లూ?" రాజులమ్మ తాపీగా అడిగింది. "అయ్య పోనాడు, మొగుడు పోనాడు. తన పొయ్యి కాడ తనే తాగినాది. నానే ముంచిచ్చినాను. మరిసిపోనావేటి?"

పాక గొల్లుమంది. మంగ్లు కుండ పక్కనే చతికిలబడ్డాడు.

నవ్వుల మధ్యలో ముత్యాలమ్మ అరిచింది. "నవ్వండి! మీకేటి, తిని ఎల్లిపోతారు. రేపు నాను పోనాక దీనికి దిక్కెవలు? సంతలో పొయ్యెట్టుకున్న గుంటని ఎవలు సేసుకుంటారు? నాను కడుపు కట్టుకుని పెంచినాను దీన్ని. కరువేడు ఒక్క గిద్ద సామలు వండి, మొత్తం దీనికే ఎట్టినాను."

కనక గరిటె కింద పెట్టింది.

"తెలుసమ్మా. ఆ ఏడు నువ్వు కుండ గోకిన సప్పుడు నాకింకా ఇనబడతాది. అందుకే నువ్వు ఒక్కటే వండుతావు. రేపటికి ఉంటదో ఉండదో అని. నాకు ఏడు రకాలు వండాలని ఉన్నాది. తినేవోల మొకాలు సూడాలని ఉన్నాది. పెల్లి వొద్దని నానన్నేదు. నా కుండ నాను తాగినప్పుడు అవుతాది. అప్పటిదాకా ఈ పొయ్యి ఒదల్ను. కొట్టినా ఒదల్ను, ఎలేసినా ఒదల్ను."

ముత్యాలమ్మ మొగుడి వైపు తిరిగింది. "సెప్పు. నువ్వేనా సెప్పు దానికి."

సోంబరు లేచాడు. పాక మూల నుంచి నిండు కుండ ఒకటి ఎత్తి, మంగ్లు ముందు దించాడు. జీవితంలో మొదటిసారి, భార్య చూపించింది చూసి అతను తల ఊపలేదు.

"బావా, తాగినోణ్ణి నాను. పచ్చడి మంటకి తాగినాను, మాటకి కాదు. నీ కుండకి కుండ ఇచ్చీసినాను. మన మద్దిన మరేటీ నేదు. కోపమొత్తే నా మీద పడు. గుంట మీద కాదు."

మంగ్లు కుండని చూశాడు. మోకాళ్ళు తడుముకున్నాడు. "మా ఆవిడకేటి సెప్పనూ..." అని సణిగాడు.

కనక అతని ముందు ఒక డొప్ప పెట్టింది. చీమల పచ్చడి. మంగ్లు కాసేపు బిగదీసుకుని కూర్చుని, వేలితో కొంచెం నాలిక్కి రాసుకున్నాడు. చెవులు ఎర్రబడ్డాయి. గబగబా కల్లు తాగాడు. మళ్ళీ రాసుకున్నాడు. డొప్ప ఖాళీ అయింది. బోర్లించలేదు.

"మామా, ఇంకొకటి ఎయ్యాలేటి?"

"అడుగుతావేటే? అవుపడ్డం నేదేటి?"

సోంబరు కూడా మళ్ళీ కూర్చున్నాడు. ముత్యాలమ్మ ఒక్కతే నిలబడి ఉంది. కూతురు పొయ్యి ముందు గొంతుక్కూర్చుని, పొగకి కళ్ళు చికిలించి బొంగు తిప్పుతోంది. ఒక చేత్తో బొంగు, ఇంకో చేత్తో డొప్ప. ఎవరిది బోర్లా ఉందో ఎవరిది ఖాళీగా ఉందో తిరిగి చూడకుండానే తెలుస్తోంది ఆ పిల్లకి. కూలీలకీ వర్తకుడికీ ఒకే కొలత. మంగ్లు తమ్ముళ్ళు ఎప్పుడు కూర్చున్నారో, వాళ్ళ ముందు మూడేసి డొప్పలున్నాయి. అందరూ మొహాలు దించుకుని తింటున్నారు. నవ్వేవాళ్ళు ఒక్కరూ లేరు.

ముత్యాలమ్మ మెల్లిగా తడిక అంచున కూలబడింది. చాలాసేపు తన డొప్ప వెనకభాగమే చూసింది. కుట్లు దగ్గర దగ్గరగా, గట్టిగా ఉన్నాయి. తను నేర్పిన కుట్టే.

డొప్పని తిప్పి పెట్టింది.

కనక చూసింది. ఏమీ అనలేదు. అంటే మళ్ళీ బోర్లించేస్తుందని తెలుసు. వెదురు కొమ్ములు కొంచెం వేసి, పొయ్యి వైపు తిరిగింది. ముత్యాలమ్మ ఒక ముద్ద నోట్లో పెట్టుకుని నమిలింది. కళ్ళు తుడుచుకుంది. ఇంకొక ముద్ద పెట్టుకుంది.

"ఉప్పు సాల్నేదు," అంది.

"ఉప్పు పొదుపుగా ఏత్తన్నానమ్మా. అత్త కాడ అయిపోవచ్చినాది."

"పొదుపేటి పొదుపు! నలుగురికి ఎట్టే సెయ్యి అలగుంటాదేటి?"

ఆవిడ ఒళ్ళో మూట ముడి విప్పింది. సంతలో చేతికొచ్చినప్పట్నించీ మొగుణ్ణి కూడా ముట్టుకోనివ్వని ఉప్పు. దోసిలి నిండా తీసి, లేచి వెళ్ళి, కూతురి పొయ్యి పక్కనున్న ముంతలో పోసింది.

"సూత్తావేటి?" అంది. "ఆ మూల ముసిలోడి డొప్ప ఖాళీ అయిపోనాది. బేగి ఎల్లు."